అవ్వ తినిందా?

ఆ అబ్బాయి ఫోన్ చేస్తే మొదటి మాట ఎప్పుడూ అదే. "అక్కా, అవ్వ తినిందా?" బాగున్నారా అని అడగడు, వానలు పడ్డాయా అని అడగడు. మా ఊరు వదిలిపోయి, చదువు ముగించుకుని, ఏదో చలిదేశంలో ఉద్యోగం చేసుకుంటూ కూడా రెండు మూడు నెలలకొకసారి ఫోన్ చేసి, తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో ముందు ఈ ముక్కే బయటికి తీసేవాడు. అది మా ఇద్దరికీ వేళాకోళం. అవ్వ అంటే మా అత్త. ఒకే ఒక్కసారి తప్ప ఆమె తింటూ ఉండగా చూసినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు మరి. "ఏమో నాయనా, నాకు మాత్రం ఎట్ల తెలుస్తాది" అనేదాన్ని నేను. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

మొన్న కూడా అట్లాగే అడిగాడు. నేను గిన్నెలు కడుగుతూ తడిచేత్తోనే ఫోన్ ఎత్తాను. అవ్వ పోయిందని చెప్పాను. నెల దాటిందని, ముందుగా నీకు చెప్పే తీరిక లేకపోయిందని అన్నాను. తర్వాత మళ్ళీ అదే ప్రశ్న వేశాడు, ఈసారి వేళాకోళం లేకుండా. చివర్లో తినిందా అక్కా అని. తినింది అన్నాను. ఎట్లా తినిందో చెప్పాలంటే అది ఫోన్లో చెప్పే సంగతి కాదు. పైగా నా దగ్గర ఓపిక లేదు. ఇప్పుడు కూచుని రాస్తున్నాను.

మా ఇల్లు మార్కాపురం బజారులో. ముందు విత్తనాల దుకాణం, వెనక ఇల్లు. నేలంతా మా ఊరి నల్ల పలకబండలు. ఎండాకాలం కూడా చల్లగా ఉంటాయని వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటారు. వాటిని రోజూ తుడిచేవాళ్ళు మెచ్చుకోరు. ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. వచ్చిన రోజు నుంచీ మా అత్త నోట విన్న పలకరింపు ఒక్కటే. "కాళ్ళు కడుక్కో."

ఎవరొచ్చినా అంతే. పొదిలి నుంచి వచ్చిన చుట్టం, తర్లుపాడు నుంచి కంది విత్తనాలకు వచ్చిన రైతు, కరెంటు బిల్లు ఇచ్చిపోయే మనిషి. భోంచేస్తావా అని అడగడం ఆమె దృష్టిలో తప్పు. అడిగితే మొహమాటానికి వద్దంటారు. వద్దన్నాక పెడితే బలవంతం, పెట్టకపోతే మనసు ఒప్పుకోదు. ఈ తంటా అంతా ఎందుకని ఆమె తిన్నగా కాళ్ళ దగ్గరికి వచ్చేది. కాళ్ళు కడుక్కున్న మనిషి ఇక తప్పించుకోలేడు. చుట్టాలైతే లోపల పీటల మీద, మిగతావాళ్ళయితే అరుగు మీద. కూచునే చోటులో తేడా ఉండేదిగానీ పప్పులో, నేతిలో తేడా ఉండేది కాదు. ఆమె ఆ మాట అన్నప్పుడల్లా లోపల నేను ఇంకో గ్లాసు బియ్యం కడిగి ఎసట్లో పోసేదాన్ని. మా అత్త పెట్టే చెయ్యి సంగతి చుట్టుపక్కల మండలాలన్నిటికీ తెలుసు. నా నడుం నొప్పి సంగతి నాకూ, మందుల షాపు ఆయనకూ తెలుసు.

వడ్డించేటప్పుడు ఆమెను చూడాలి. తలుపు చెక్కకు భుజం ఆనించి, అన్నం గిన్నె చంకన పెట్టుకుని, మాటా పలుకూ లేకుండా నిలబడేది. తినేవాళ్ళ ముఖం చూసేది కాదు. చూపంతా కంచం మీదా, కంచం నుంచి నోటికి వెళ్ళే చేతి మీదా ఉండేది. చెయ్యి నెమ్మదించిందా, పప్పు చాల్లేదని ఆమెకు తెలిసిపోయేది. చెయ్యి తొందరపడిందా, మనిషి పొద్దుటి నుంచి పస్తున్నాడని తెలిసిపోయేది. చాలు అనే మాట వాళ్ళ గొంతులో ఉండగానే గరిటె దిగిపోయేది. "చాలు అనేది నోరు. నోరు ఉత్త అబద్ధాలకోరు" అనేది నాతో. 

తన తిండి మాత్రం వేరే లెక్క. అందరూ తిని, దుకాణంలో పనివాళ్ళు తిని, నేను తిని, పొయ్యిగట్టు తుడిచాక, వంటింటి మూల గోడవైపు తిరిగి కూచునేది. తలుపు దగ్గరగా వేసేది. నీళ్ళు చెంబెత్తి పైనుంచి పోసుకునేది, పెదవికి తగిలేది కాదు. ఎంగిలి అంటే ఆమెకు మహా పట్టింపు. మనవడు కొరికిన జామకాయ ముద్దుగా చేతికిస్తే తీసుకుని, వాడు అటు తిరగ్గానే పక్కన పెట్టి చెయ్యి కడుక్కునేది. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో ఒకసారి, ఒక్కతే తింటోంది కదా వడ్డిద్దామని వెళ్ళాను. తల తిప్పకుండానే "నువ్వు తిన్నావా?" అంది. తిన్నానన్నాను. "అయితే పోయి నడుం వాల్చు" అంది. తర్వాత నేను మళ్ళీ వెళ్ళలేదు. మామ పోయాక ఆ అలవాటు ఇంకా గట్టిపడింది. ఏం తింటుందో, ఎంత తింటుందో, అసలు గిన్నెలో మిగిలిందో లేదో మాకెవరికీ తెలియదు. అడగాలని కూడా మాకు తట్టలేదు.

ఆ అబ్బాయి వచ్చింది మా జిల్లాను అటూ ఇటూ కోసి, మిగిలినదాన్ని కొత్త ప్రకాశం అన్న ఏడాది. ఇథియోపియా వాడు. మన రాష్ట్రంలోనే వ్యవసాయ యూనివర్సిటీలో పెద్ద చదువు చదువుతున్నాడు. మెట్టపంటల మీద పరిశోధన, తర్లుపాడు వైపు చేలు చూడాలి. విదేశీయుడికి గది ఇస్తే కాగితాల తలనొప్పి అని లాడ్జీవాళ్ళు తప్పుకున్నారు. వాళ్ళ సారు మా ఆయనకు తెలిసినవాడు. ఒక్క వారం మేడ మీద గది ఇమ్మని ఫోన్ చేశాడు. ఆ వారం కందికోత దాకా సాగింది.

ఆటో దిగిన మనిషిని చూసి బజారంతా ఒక క్షణం బేరాలు ఆపింది. మా గుమ్మంలో తల వంచితేగానీ పట్టని పొడుగు, భుజానికి బరువైన సంచి, ముఖం నిండా నవ్వు. అత్త బయటికి వచ్చి పైనుంచి కిందికి చూసింది. ఏమంటుందోనని నేను చెవులు రిక్కించాను. ఆమె చూపు చివరికి అతని బూట్ల దగ్గర ఆగింది.

"కాళ్ళు కడుక్కోమను" అంది నాతో.

నేను డిగ్రీలో చదివిన ఇంగ్లీషు ఎందుకైనా పనికొస్తుందని ఆ రోజే తెలిసింది. చెప్పాను. అతను చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. వాళ్ళ ఊళ్ళో కూడా ఇంటికి వచ్చినవాళ్ళకు ముందు కాళ్ళకు నీళ్ళిస్తారట, వాళ్ళమ్మ అయితే వంగి తనే కడిగేదట. ఇంత దూరం వచ్చి మళ్ళీ మా ఇంటికే వచ్చానా అనిపించిందని తర్వాత నాతో చెప్పాడు.

అట్లాగని మా అత్త తన పట్టింపులన్నీ వదిలేసుకుందని కాదు. అతని కోసం ఒక కంచం విడిగా తీయించింది. అంచున మేకుతో గాటు పెట్టించి, దాన్ని అరుగు మీది గూట్లో ఉంచింది. తన కోసం ప్రత్యేకంగా గుర్తు పెట్టిన కంచమని అబ్బాయి మురిసిపోయాడు. పొలాల్లో పరిచయమైన స్నేహితులు వస్తే ఆ గాటు చూపించి మరీ చెప్పేవాడు. తిన్నాక తనే కడిగి, తుడిచి, గూట్లో పెట్టేవాడు. అసలు సంగతి తర్జుమా చేయమని నన్నెవరూ అడగలేదు.

అతనిది చర్చికి వెళ్ళే కుటుంబం. వాళ్ళ పద్ధతి ప్రకారం బుధవారం, శుక్రవారం ఒక్కపొద్దు. మధ్యాహ్నం దాటేదాకా మంచినీళ్ళు కూడా తాగడు. తర్వాత తిన్నా పాలు, పెరుగు, నెయ్యి ముట్టడు. ఇది తెలిశాక అత్త దగ్గర అతని పరపతి పెరిగిపోయింది. ఆమెది శనివారం ఒక్కపొద్దు. బస్టాండు దగ్గర ఆమ్లెట్టు తిని నోరు కడుక్కుని వచ్చే మా ఆయన వినేట్టుగా, "సముద్రం అవతల్నించి వచ్చినోడు ఒక్కపొద్దు ఉంటాండాడు, నా కడుపున పుట్టినోడికి ఏ వారమూ లేదు" అనేది. మా ఆయన పేపరు ఇంకొంచెం పైకెత్తేవాడు. కానీ ఆ రెండు రోజులూ నెయ్యి వేయకుండా, పెరుగు పోయకుండా మనిషికి కడుపు నింపడం ఎట్లా అన్నది ఆమెకు పెద్ద సమస్య అయింది. ఉలవచారు అంది, నువ్వులపొడి అంది, కొర్రన్నంలోకి వేరుశనగ పచ్చడి అంది. కనిపెట్టేది ఆమె, రుబ్బేది నేను.

ఆదివారాలు తర్లుపాడు దగ్గర ఒక పల్లెలో చర్చికి వెళ్ళేవాడు. చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళే అక్కడ పాటలు పాడేవాళ్ళట. ప్రార్థన అయ్యాక మా ఇంటికి రా అంటే మా ఇంటికి రా అని చెయ్యి పట్టుకుని లాగేవాళ్ళట. ఒకరి ఇంట్లో రొట్టె, ఒకరి ఇంట్లో కూర తిని సాయంత్రం కడుపు తడుముకుంటూ వచ్చేవాడు. మొదటిసారి ఆ సంగతి సంబరంగా చెప్తుంటే, నేను ఎంతవరకు తెలుగులో చెప్పాలా అని తటపటాయించాను. అత్తకు నా తర్జుమా అక్కరలేకపోయింది.

"వాళ్ళ ఇండ్లల్లో తిన్నాడా?" అంది.

తిన్నాడన్నాను.

"కడుపునిండా పెట్టినారంటా?"

పెట్టారట అన్నాను.

"అయితే సరే" అని లోపలికి వెళ్ళిపోయింది. గాటు కంచం మాత్రం గూట్లోనే ఉంది.

ఎవరు నేర్పారో తెలియదు, ఒకరోజు అన్నం తిని లేస్తూ, ఆమె వైపు తిరిగి కూడబలుక్కుని, "అవ్వా, నువ్వు తిన్నావా?" అన్నాడు. అన్నం గిన్నె చంకన పెట్టుకుని నిలబడ్డ మనిషి ఉలిక్కిపడింది. నా వైపు చూసి "ఏందంటాడు వీడు?" అంది, అర్థం కానట్టు. చివరికి "ఆఁ, తిన్నాలే" అంది. ఇంట్లో సగం మందికి ఇంకా వడ్డన కాలేదు. అది అబద్ధమని ఆ అబ్బాయికీ తెలిసింది. నోరు ఉత్త అబద్ధాలకోరు అని ఆమె తరఫున నేనే ఇంగ్లీషులో చెప్పాను. తలుపు చెక్క పట్టుకుని నవ్వాడు. ఆ రోజు నుంచి రోజూ అడిగేవాడు, ఆమె రోజూ అదే అబద్ధం చెప్పేది. అయితే అడగని రోజున, అంటే అతను పొలంలోనే ఉండిపోయిన రోజున, "ఆ పిల్లోడు రాలేదే" అని రెండుసార్లు బయటికి తొంగిచూసేది.

సాయంత్రాలు మేడ మీదికి వెళ్ళి వాళ్ళమ్మకు ఫోన్ చేసేవాడు. వాళ్ళ ప్రాంతంలో యుద్ధం. ఫోన్లు, కరెంటు, బ్యాంకులు అన్నీ తెగిపోయి ఏడాది దాటిందట. ఎప్పుడు చేసినా ఆ నంబరు పలకదనే గొంతే. అయినా దీపాలు పెట్టేవేళకు రోజూ చేసేవాడు. మెట్లు దిగి వచ్చేటప్పుడు అత్త కింద పప్పు ఏరుతూ కూచుని ఉండేది.

"ఎత్తిందా మీయమ్మ?" అనేది.

"లేదు అవ్వా."

"రేపు ఎత్తుతాదిలే."

ఇంతే వాళ్ళ సంభాషణ. ఈ మూడు ముక్కలకు నా అవసరం కూడా ఉండేది కాదు.

చలి మొదలయ్యే రోజుల్లో అతనికో ఆలోచన వచ్చింది. ఇన్నాళ్ళు మీరు పెట్టారు, ఒక్కరోజు మా అమ్మ వంట నేను చేసి పెడతానన్నాడు. వాళ్ళ దేశంలో గసగసాలకంటే చిన్న గింజ ఒకటుందట. దాని పిండి పులియబెట్టి పెద్ద పెద్ద అట్లు పోస్తారట. ఆ గింజ ఇక్కడ లేదు కాబట్టి సజ్జపిండి, కొర్రపిండి కలిపి ఒక కుండలో నానబెట్టి మేడగది మూల పెట్టాడు. మర్నాటికే వాసన మెట్లు దిగి వచ్చింది. "మేడ మీద ఎలకో ఏందో చచ్చినట్టుంది, చూడుపో" అంది అత్త. సంగతి చెప్తే ముక్కు పట్టుకుని నవ్వింది. ఆమె పళ్ళు ఎన్ని మిగిలాయో నేను చూసింది అప్పుడే.

శుక్రవారం మధ్యాహ్నం అతనికి ఫోన్ వచ్చింది. వేరే దేశంలో ఉండే చిన్నాన్న. ఆ ప్రాంతంలో అక్కడక్కడా ఫోన్లు పలకడం మొదలైందట. వాళ్ళమ్మ వానాకాలంలోనే పోయిందట. చక్కెర జబ్బు మందులు దొరకలేదు. అతను మెట్లు దిగుతూ దిగుతూ చివరి మెట్టు మీద కూచుండిపోయాడు. నాకు ఇంగ్లీషులో చెప్పాడు. నేను అత్త వైపు తిరిగి తెలుగులో చెప్పాను. అట్లాంటి కబురు ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మోయడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. 

అత్త చేతిలోని చాట కింద పెట్టింది.

"వానాకాలంలోనా?"

అవునన్నాను.

"మరి ఇన్నాళ్ళు ఆ పిల్లోడు చేసిన ఫోను ఎవరికి పోయినట్టు?"

తర్వాత అతన్ని తల మీద నీళ్ళు పోసుకోమని చెప్పమంది. నీళ్ళు కాచి, తనే బకెట్టు ఈడ్చుకుంటూ పోయి స్నానాలగదిలో పెట్టింది. అతను స్నానం చేసి వచ్చి, కంచం ముందు కూచుని, చెయ్యి పెట్టకుండా లేచాడు.

సాయంత్రం తినలేదు. మర్నాడు తినలేదు. అత్త కూర మార్చింది, చారు మార్చింది, ఉప్మా అంది, అటుకులు అంది. మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళుగా ఎక్కని మేడ మెట్లు అన్నం గిన్నెతో ఎక్కింది. అతను మర్యాదగా లేచి నిలబడి, ఖాళీ కంచం ముందు "చాలు అవ్వా" అన్నాడు. ఏమీ పెట్టకుండానే చాలంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది. ఆమె విద్య అంతా తిన్నవాళ్ళకు ఇంకో ముద్ద పెట్టడంలోనే ఉంది. అసలు తినని మనిషి ఆ ఇంట్లో ఆమెకు ఎప్పుడూ ఎదురుకాలేదు. కిందికి దిగి వచ్చి గోడకు చేరబడి కూచుంది. "మన ఇంట్లో పిల్లోడు పస్తుంటే వాళ్ళమ్మకు నేనేం చెప్పేది?" అంది. పోయినామెకు ఏం చెప్పాలి అత్తా అనబోయి ఆగిపోయాను. ఆమె నిజంగానే భయపడుతోంది.

ఆదివారం పొద్దున నన్ను పిలిచింది.

"ఏమ్మే, ఆ మేడ మీద పిండి ఏమైంది?"

"పులిసిపోయింటాది అత్తా. పారబోస్తా."

"పారబోయాకు. అది వాళ్ళమ్మ చేసే పిండి గదా. దాన్ని ఏం చేయాలో మనకు తెలియదు, వచ్చి చేసిపెట్టమను." మళ్ళీ తనే, "పొయ్యి కాడికే రమ్మను" అంది.

నేను ఆమె వంక అట్లాగే చూశాను. ఆ పొయ్యి దగ్గరికి మా అమ్మ వచ్చినా గుమ్మం అవతల పీట వేసేది ఈమె. వెళ్ళి చెప్పాను. అవ్వ పిండి గురించి అడుగుతోందంటే అతను కాదనలేకపోయాడు. కుండ పట్టుకుని కిందికి దిగాడు. మా పెద్ద పెనం మీద అంచు నుంచి లోపలికి చుట్టూ పోసుకుంటూ వచ్చి మూత పెట్టాడు. తిరగేయలేదు. మూత తీస్తే అట్టు నిండా కళ్ళలాంటి చిల్లులు. ఎర్రపప్పు కారంగా ఉడికించాడు. అత్త తలుపు చెక్క దగ్గర నిలబడి చూస్తూనే ఉంది. గాటు కంచంలో అట్టు పరిచి, మధ్యలో పప్పు పోసుకుని కింద కూచున్నాడు. మేమంతా అతని చెయ్యి ఎప్పుడు నోటికి వెళ్తుందా అని చూస్తున్నాం.

అట్టు తుంచి, పప్పు చుట్టి, ముద్ద చేత్తో పట్టుకుని ఆగిపోయాడు. నాతో ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు. వాళ్ళ పద్ధతిలో మొదటి ముద్ద తనది కాదు. ఇంట్లో పెద్దవాళ్ళ నోట్లో చేత్తో పెట్టాలి. ఎప్పుడూ వాళ్ళమ్మకు పెట్టేవాడు. ఎవరికీ పెట్టకుండా తినడం తనకు చేతకావడం లేదు. అవ్వకు పెడతాను, ఆమె తింటే తింటాను అన్నాడు. ముద్ద ఎంత పెద్దదైతే అంత ప్రేమ అని కూడా అన్నాడు. చూస్తే అది బత్తాయంత ఉంది.

అత్తకు చెప్పాను. గుమ్మంలో నిలబడ్డ మా ఆయన, "మన దగ్గర అట్లాంటివి లేవని చెప్పు, చదువుకున్నోడు, అర్థం చేసుకుంటాడు" అన్నాడు గబగబా. అత్త కొడుకు వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపింది. ఆ ముద్ద వైపు చూసింది. ఆ కంచం వైపు, దాని అంచు మీది గాటు వైపు చూసింది. తర్వాత చంకలోని అన్నం గిన్నె కింద పెట్టింది. వడ్డన మధ్యలో ఆ గిన్నె నేల మీద పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. వచ్చి అతని ఎదురుగా బండల మీద కూచుని, కళ్ళు మూసుకుని, నోరు తెరిచింది.

ముద్ద సగం పట్టింది. మిగతా సగం అతను బొటనవేలితో లోపలికి తోశాడు. పప్పు గడ్డం మీదుగా కారింది. ఉన్న నాలుగు పళ్ళతో ఆమె చాలాసేపు నమిలింది, మేమంతా చూశాం. మా అత్త తినడం ఆ ఇంట్లో మేము చూసింది అదే మొదలు. మింగి, చెంబెత్తి నీళ్ళు పోసుకుని, కొంగుతో మూతి తుడుచుకుంది.

"పులుపెక్కువైంది" అంది. "ఇంక తినమను."

అతను తిన్నాడు. ఏడుస్తూ తిన్నాడు, తింటూ ఏడ్చాడు. ఆమె అన్నం గిన్నె తీసుకుని మళ్ళీ తలుపు దగ్గర నిలబడింది, అతని చేతి వైపే చూస్తూ.

ఆ సాయంత్రం నేనేమీ అడగకుండానే, పప్పు ఏరుతూ, "వాడు నోట్లో పెట్టుకోకముందే గదా నాకు పెట్టినాడు. ఎంగిలి ఎట్లవుతాది?" అంది. అవదులే అత్తా అన్నాను. కాసేపటికి మళ్ళీ అంది, "వాళ్ళ దేశంలో కోడళ్ళకు గూడా పెడతారంటా అట్ల?" మర్నాడు అబ్బాయిని అడిగాను. అందరూ అందరికీ పెడతారు, అత్తలు తప్పకుండా పెడతారు అన్నాడు. ఆ మాటే ఆమెకు చెప్పాను. ఊఁ అని ఊరుకుంది. గాటు కంచం మాత్రం ఆ వారంలోనే మా కంచాల్లో కలిసిపోయింది. ఎవరు కలిపారో నేను అడగలేదు.

కందికోత అయ్యాక అతను వెళ్ళిపోయాడు. చింతకాయ తొక్కు, నువ్వులపొడి, కారప్పొడి కట్టి ఇచ్చింది. ఆ పొట్లాలన్నీ దంచి, వేయించి, కట్టింది ఎవరో వేరే చెప్పక్కరలేదు.

ఈ ఎండాకాలంలో అత్తకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచారు. గుటక పడుతోంది, మింగడానికి ఇబ్బందేమీ లేదు, కానీ ఆమే నోరు తెరవడం లేదన్నాడు డాక్టరు. ముక్కులో గొట్టం వేస్తే ఎడమచేత్తో పీకేసింది. ఇంటికి తెచ్చుకున్నాం. చెంచాతో మంచినీళ్ళు, కాఫీ నాలుగు చుక్కలు పోస్తే మింగేది. అన్నం అనేసరికి పెదవులు బిగించేది. కొడుకు పెట్టినా అంతే, గిద్దలూరు నుంచి వచ్చిన కూతురు పెట్టినా అంతే. నేను పెడితే ముందు చెంచా వైపు, తర్వాత నా ముఖం వైపు చూసి మూతి తిప్పేది. వచ్చినవాళ్ళంతా తలా ఒక సలహా చెప్పారు. మొండితనం అన్నారు. పోయే ఘడియ వచ్చిందన్నారు.

నాకు మాత్రం కోపం వచ్చేది. ఉన్నమాట చెప్తున్నాను. ఆమె పేరు మీద ముప్పై ఏళ్ళు ఊరందరికీ వండిపెట్టాను, నాకోసం ఒక్క చెంచా మింగలేదా ఈమె అనిపించేది. పైగా ఆమెను చూడటానికి వచ్చినవాళ్ళందరికీ ఇప్పుడు ఆమె బదులు నేనే కాళ్ళు కడుక్కోమని చెప్పాలి. వాళ్ళకు వండి, వడ్డించి, పంపించి, అప్పుడు ఆమెకు అన్నం మెత్తగా కలుపుకుని మంచం దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆమె తినకపోతే విసుగుతో లేచి, ఎప్పుడో నిలబడి నాలుగు మెతుకులు తినేదాన్ని. తిన్నానో లేదో కూడా కొన్నిరోజులు గుర్తుండేది కాదు.

ఒక మధ్యాహ్నం వెలిగండ్ల నుంచి వచ్చిన చుట్టాలు తిని వెళ్ళారు. పెరుగన్నం కలుపుకుని ఆమె మంచం పక్కన, చల్లటి బండల మీద కూచున్నాను. చెంచా అందించాను. నోరు మూసుకుంది. మళ్ళీ అందించాను. తల తిప్పుకుంది. చెంచా కింద పెట్టేశాను. పొద్దుటి కాఫీ తప్ప నా కడుపులో ఏమీ లేదు, కళ్ళు తిరుగుతున్నాయి. ఏ ఆలోచనా లేకుండా ఆమె గిన్నెలో చెయ్యి పెట్టి ఒక ముద్ద తిన్నాను. ఇంకోటి తిన్నాను. ఉప్పు సరిగ్గా పడింది, బాగుంది. గోడకు చేరబడి ఇంకోటి తిన్నాను.

తలెత్తితే ఆమె చూస్తోంది. నా ముఖం వైపు కాదు. గిన్నెలోంచి నా నోటికి వెళ్తున్న చేతి వైపు. చంకన అన్నం గిన్నె లేదుగానీ అదే చూపు. నేను తింటున్నంతసేపూ చూసి, ఎడమచేత్తో మంచం పట్టె మీద తట్టింది. నీళ్ళేమోనని చెంబు తెచ్చాను. చెంబు వైపు చూడలేదు. ఆమె నోరు తెరిచి ఉంది.

అప్పుడు తట్టింది నాకు. ఇన్ని రోజులూ నేను పస్తు కడుపుతో వెళ్ళి ఆమెను తినమంటున్నాను. కోడలు తినకముందు అన్నం ముట్టని మనిషి ఆమె. నువ్వు తిన్నావా అని అడగడానికి ఇప్పుడు మాట లేదు. మాట లేక నోరు మూసుకుంది. ఏడుపొచ్చింది నాకు. ముప్పై ఏళ్ళుగా నా ముద్దలు కూడా ఆమె చూస్తూనే ఉందని నాకు తెలియనే తెలియదు.

ఆ చేత్తోనే గిన్నెలో చిన్న ముద్ద కలిపి ఆమె పెదవుల దాకా తీసుకువెళ్ళి ఆగాను. ఇప్పుడే నా నోట్లో పెట్టుకున్న చెయ్యి అది, నేను తిన్న గిన్నె అది. మిగతా సంగతులు ఎట్లా ఉన్నా, ఆమెకు చెప్పకుండా పెట్టడం న్యాయం కాదనిపించింది.

"అత్తా, ఎంగిలి" అన్నాను.

ఆమె నోరు మూసుకోలేదు.